పాతపట్నఠ

పర్లాకిమిడిలో మన బడి కమిటీవాళ్లు మూడుసార్లు ఫోన్ చేశారు. మూడోసారి మిడతే మాట్లాడాడు. "ఒరే ఠా, బడికి జీతం లేకుండా పనిచేసినవాళ్ల గురించి నువ్వే రాయాలి. పేజీన్నర చాలు." నలభై ఏళ్ల తర్వాత ఆ పేరు పెట్టి పిలిస్తే ఇంకేం కాదనను!

అలాంటివాళ్లు మనకి తక్కువేం కాదు. వానలకు ముందు పైకెక్కి పెంకులు సర్దింది మన నాన్నలే. ఎవరి నాన్న పంచె నిచ్చెనకు చిక్కుకుందో ఇక్కడ రాయను. జెండా పండగకి బెల్లం పిన్ని పానకం బిందె మోసుకొచ్చేది, ముందు రెండు గ్లాసులు తన కొడుక్కే పోసేది. వాళ్లందరి గురించీ రాయాలి. కానీ కలం పడితే గార్డు తాతగారే వస్తున్నారు.

తెలుగు మాష్టారు బదిలీ అయ్యాక ఆ కుర్చీలోకి ఎవరూ రాలేదు. తెలుగు పీరియడంటే గోళీలాటే. చిన్నబండిలో, అంటే మన సన్న లైను రైల్లో, గార్డుగా రిటైరైన తాతగారు ఓ సోమవారం వచ్చి, "ఇంట్లో ఊరికే కూర్చున్నానండీ, రోజుకో గంట ఇక్కడ కూర్చుంటాను" అన్నారట హెడ్మాస్టరుగారితో. ఆ గంట నాలుగేళ్లు సాగింది. అందులో రెండో తరగతి, మూడో తరగతి నాకు బొత్తిగా గుర్తులేవు.

వాచకాలు అందరికీ ఉండేవి కావు. తాతగారు గచ్చు మీద సుద్దతో నౌపడ నుంచి గుణుపురం దాకా లైను గీసి, ఒక్కొక్కరినీ ఒక్కో స్టేషన్లో కూర్చోబెట్టేవారు. ఎవరి ఊరి పేరు వాళ్లు పలక మీద తప్పుల్లేకుండా రాస్తేనే బండి కదిలేది. టెక్కలికి వత్తు ఎగిరిపోయిందంటే వెనక స్టేషన్లన్నీ గగ్గోలు. కాశీనగరం ఎన్నిసార్లు ఏడ్చిందో! ఇప్పుడావిడ హైస్కూల్లో పాఠాలు చెబుతోందని విన్నాను, పిల్లల్ని ఏడిపిస్తోందో లేదో తెలీదు. గంట అయ్యాక తాతగారు ఈల వేసి పచ్చజెండా ఊపితేనే మనం లేవాలి.

1984 సంక్రాంతి సెలవుల ముందు ఓ రోజు, "నిజం బోర్డు చదువుదురుగాని పదండి" అని మనల్ని బండెక్కించారు. పర్లాకిమిడి నుంచి పాతపట్నానికి, ఒక్క స్టేషను. టిక్కెట్లన్నీ ఆయన జేబులోంచే. కళ్లల్లో బొగ్గు నలుసులు. దారిలో మిడత దిగి, బండి పక్కన పరిగెత్తి, మళ్లీ ఎక్కాడు. చెవి మెలిపెట్టించుకున్నాడు కూడా.

1936లో ఒరిస్సా వేరే రాష్ట్రమై, గీత పడి మనం ఇటొచ్చాం, పాతపట్నం అటుండిపోయింది. కాబట్టి అక్కడి బోర్డు తెలుగులో ఉంటుంది. అందరికంటే ముందు దూకి గట్టిగా చదివాను: "పాతపట్నఠ!"

ప్లాట్‌ఫారమంతా నవ్వు. నా తప్పేముంది? ఒడియాలో గుండ్రంగా చుడితే ఠ యే కదా! తాతగారు మాత్రం నవ్వలేదు. వంగి, రెండు వేళ్లతో నా పెదవులు దగ్గరికి నొక్కారు. "అది మన బళ్లో ఠ. ఇక్కడ సున్నా. సున్నా వస్తే నోరు మూసెయ్. ఇప్పుడు చదువు నాన్నా." ఆ వేళ్లకు ముక్కుపొడుం వాసన. నోరు మూసి చదివాను. తుమ్మాను కూడా.

తిరుగు బండికి ఆగలేక ఏరు దాటి నడిచొచ్చాం. "మీకు జీతం ఎవరిస్తారు తాతగారూ?" అని కాశీనగరం అడిగింది. "గిడుగు పంతులుగారు ఈ ఊళ్లోనే ఉండి, సొంత డబ్బుతో సవర పిల్లలకి బళ్లు పెట్టారమ్మా. నాకు ఖర్చయ్యేది నోరే" అన్నారు. ఆ టిక్కెట్ల డబ్బు మాట మనం ఎవరం ఎత్తలేదు.

నేనిప్పుడు బరంపురంలో మందుల షాపు నడుపుతున్నాను. రెండోది కిందటేడు తెరిచాను. రెండు బోర్డుల మీదా ఒడియా కింద తెలుగు ఉంటుంది. పెయింటరు సున్నాలు పెట్టేటప్పుడు పక్కనే నిలబడ్డాను. మా అమ్మాయి ఎం.కె.సి.జి.లో డాక్టరు చదువుతోంది. ఆదివారాలు మా వీధి పిల్లలు నలుగురైదుగురు షాపు వెనక గదికి తెలుగు రాసుకోవడానికి వస్తారు. అందులో ఒకడు ఇంకా ఠ దగ్గరే ఉన్నాడు.

2004లో చిన్నబండి ఆగిపోయింది, ఇప్పుడు పెద్ద లైను. తాతగారు అంతకు ముందే పోయారు. ఆయన ఈల వాళ్లింట్లో ఉంది, చూశాను. పచ్చజెండా మాత్రం లేదు. మిడతా, అయిదో తరగతి ఆఖరి రోజు దాన్ని నీ చొక్కాలో దోపుకోవడం నేను చూశాను. మీటింగుకి పట్టుకురా.