ఎండ వండిన వంటలు

రావులపాలెంలో బస్సు దిగేసరికి ఉదయం పది కూడా కాలేదు. అప్పటికే అరటి గెలల లారీల మధ్య నిలబడలేనంత ఎండ. అక్కడి నుంచి అంబాజీపేట వైపు మరో బస్సు. దారి పొడవునా కొబ్బరి నీడ ఉంది కాని పక్కన కాలువలో నీళ్లు లేవు. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి ఈ కోనసీమ బతుకంతా ఈ నీళ్లదే. అడుగు తేలిన కాలువను చూస్తే మనుషులు ఖాళీ చేసిన ఇల్లు గుర్తొచ్చింది.

పిన్ని కోసం హైదరాబాద్ నుంచి కిలో కందిపప్పు పట్టుకెళ్లాను, 'ఆర్గానిక్' అని అచ్చువేసిన గుడ్డ సంచిలో. ఆమె సంచిని అటూ ఇటూ తిప్పి, "అయితే మిగతా కందిపప్పులో ఏమి కలుపుతారే?" అని అడిగింది. దాహమేస్తోందని చెప్పి తప్పించుకున్నాను.

మంచినీళ్లకు బదులు తరవాణి వచ్చింది. వంటింటి మూలన తడిగుడ్డ చుట్టిన కుండలో గంజి, అన్నం పులుస్తూ ఉంటాయి. తీసుకున్నంత తీసుకుని మళ్లీ గంజి పోస్తుంది. పులుపు ముందు నచ్చలేదు. రెండో గ్లాసు నేనే అడిగాను. ఈ ఇంట్లో వేసవి వంట సగం పొయ్యి ఎక్కదని అప్పుడే అర్థం కావడం మొదలైంది.

మిగతా సగం డాబా మీద ఉంది. పాత పంచె మీద గుమ్మడి వడియాలు, చేటలో చల్ల మిరపకాయలు. మిరపకాయలు పగలంతా ఎండలో ఉండి రాత్రికి మళ్లీ పుల్లమజ్జిగలోకి వెళతాయి. మజ్జిగంతా అవి తాగేసేవరకు ఇదే వరస. కాకులకు కాపలా నేను. ఒక్క కునుకు తీశాను, ఏడు వడియాలు పోయాయి. పిన్ని లెక్కపెట్టి పెట్టిందని నాకేమి తెలుసు!

పొయ్యి వెలిగింది పనసపొట్టు కూరకు. పెరటి చెట్టు లేతకాయను బాబాయి చేతులకు నూనె రాసుకుని కొట్టారు. అరగంట కత్తి చప్పుడే. పొయ్యిలోకి కొబ్బరి డొక్కలు, చిప్పలు. కూర దించాకే ఆవ కలపాలి, వేడి మీద కలిపితే చేదెక్కుతుంది. పొయ్యి బూడిద గిన్నెలు తోమడానికి, మిగిలింది బెండమొక్కల ఆకుల మీదికి. కాఫీ మాత్రం గ్యాస్ మీదే. "కాఫీకి కూడా డొక్కలు రాజేసే ఓపిక ఎవరికుందే" అంది పిన్ని.

పెరట్లో డ్రమ్ము నిండా జీవామృతం: 200 లీటర్ల నీళ్లకు పది కిలోల ఆవుపేడ, పది లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, సెనగపిండి, గుప్పెడు గట్టు మట్టి. కర్రతో తిప్పుతూ బాబాయి అన్నారు, "ఇది మొక్కల తరవాణి."

రెండో రోజు ఆవకాయ. కొత్తపల్లి కొబ్బరి రకం మామిడికాయలు కడిగి, ఒక్కొక్కటీ తుడిచి, టెంకతో సహా ముక్కలు కొట్టాం. ముక్క రుచి చూద్దామని నేను జాడీ వైపు చెయ్యి చాపగానే పిన్ని కేక వేసింది. చెయ్యి తడిగా ఉంది. ఆ తరవాత నన్ను ఆ జాడీ దరిదాపులకు రానివ్వలేదు. మూడో రోజు తిరగకలిపింది కూడా తనే.

బయలుదేరేటప్పుడు చిన్న సీసాలో ఆవకాయ ఇచ్చింది. చల్ల మిరపకాయలకు సంచి కోసం వెతికి, నేను తెచ్చిన కందిపప్పును డబ్బాలోకి వంపేసి, ఆ ఆర్గానిక్ సంచిని దులిపి, దాన్నిండా పోసి మూతి కట్టింది.