కామా దగ్గర చెయ్యి ఆగకూడదు

కర్ణాటక సంగీతం పుస్తకం తెరిస్తే స, రి, గ, మ కనిపిస్తాయి. తెలుగు చదవడం వస్తే చాలు, నొటేషన్ (పాటని స్వరాల్లో రాసే పద్ధతి) కూడా వచ్చేసినట్టే అనిపిస్తుంది. పాశ్చాత్య సంగీతం నేర్చుకునేవాళ్ళకి ఐదు గీతల మీద ఏ చుక్క ఏ స్వరమో గుర్తుపట్టడమే మొదటి పెద్ద పని. మనకి ఆ పని లేదు, అక్షరమే స్వరం. మన కష్టం వేరేచోట ఉంది. ఆ స్వరం ఎంతసేపు నిలవాలి? వాళ్ళ పద్ధతిలో చుక్క ఆకారమే నిడివి చెప్పేస్తుంది. మన పుస్తకాల్లో ఆ సంగతి దీర్ఘాలు, కామాలు, సెమికోలన్లు, పైగీతలు చెబుతాయి. కొత్తవాళ్ళు వాటిని వాక్యంలో విరామ చిహ్నాల్లా చూసి దాటేస్తారు. తప్పులు ఎక్కువగా పుట్టేది అక్కడే. అందుకే నొటేషన్‌లో ముందు కాలాన్ని చదవాలి, స్వరాన్ని తర్వాత.

దానికంటే ముందు ఒక్క నిమిషం పేజీ పైభాగం చూడాలి. రాగం, తాళం, ఏ మేళకర్తకి (మూల రాగానికి) జన్యం, ఆరోహణ, అవరోహణ అక్కడ ఉంటాయి. కింద పంక్తుల్లో ‘రి’ అని మాత్రమే ఉంటుంది, ఏ రి అన్నది పైన చూసి తెలుసుకోవాల్సిందే. మాయామాళవగౌళలో అది శుద్ధ రిషభం, మోహనంలో చతుశ్రుతి రిషభం. హార్మోనియం మీద చూసుకోవాలంటే స ఉన్న మెట్టుని సున్నా అనుకుని, తెల్లవీ నల్లవీ కలిపి వరసగా లెక్కపెట్టండి. శుద్ధ రిషభానికి (రి1) 1, చతుశ్రుతికి (రి2) 2, గ3కి 4, మ1కి 5, ‘ప్రతి మధ్యమం’ అనే మ2కి 6, ప 7, ద1 8, ద2 9, కైశికి నిషాదం 10, కాకలి నిషాదం 11. మాయామాళవగౌళ అంటే 0, 1, 4, 5, 7, 8, 11. స ఏ మెట్టు మీదైనా పెట్టుకోవచ్చు. ఒకటో శ్రుతి అయినా ఐదున్నర అయినా పుస్తకంలో ఒక్క అక్షరం మారదు. ఆరోహణ అవరోహణలు రెండూ చదవడం కూడా తప్పనిసరి. భైరవిలో ఎక్కేటప్పుడు ద2, దిగేటప్పుడు ద1. పంక్తిలో మాత్రం రెండూ ఒకే ‘ద’.

ఇక కాలం. హ్రస్వాక్షరం (స, రి, గ) ఒక అక్షర కాలం. దీర్ఘం (సా, రీ, గా) రెండు. కామా ఒకటి, సెమికోలన్ రెండు. కామా అంటే ఆగమని కాదు, ముందున్న స్వరాన్ని ఇంకొక అక్షరం పాటు పట్టుకోమని. కాబట్టి ‘గా ,’ మూడు, ‘గా ;’ నాలుగు. స్వరాల మీద ఒక గీత ఉంటే అవి రెట్టింపు వేగం, అంటే రెండు హ్రస్వాలు ఒక అక్షర కాలంలో ఇమడాలి. రెండు గీతలుంటే నాలుగు. ఒంటి నిలువు గీత తాళంలో ఒక అంగం (భాగం) పూర్తయిందని, జంట గీత ఆవర్తనం (తాళం ఒక చుట్టు) పూర్తయిందని.

ఆది తాళం ఒక లఘువు (దెబ్బ, వేళ్ళ లెక్క), రెండు ద్రుతాలు (దెబ్బ, విసురు). చేత్తో అయితే దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు, తర్వాత దెబ్బ, విసురు (అరచెయ్యి తిప్పి వేయడం), దెబ్బ, విసురు. మొత్తం ఎనిమిది క్రియలు. క్రియకి ఎన్ని అక్షరాలు వేశారో పుస్తకం ఒక్కోసారి చెప్పదు, మనమే లెక్క కట్టాలి. జంట గీత నుంచి జంట గీత దాకా కూడండి. 8 వస్తే క్రియకి ఒకటి, 16 వస్తే రెండు, 32 వస్తే నాలుగు. 15 అనో 17 అనో వస్తే మీరు ఒక కామా వదిలేసి ఉంటారు, లేదా అచ్చుతప్పు. మన సంగీత పుస్తకాల్లో అచ్చుతప్పులు తక్కువేమీ కాదు, వాటిని పట్టుకోవడానికి ఈ కూడిక ఒక్కటే నమ్మకమైన దారి. పాడేముందు ప్రతి ఆవర్తనాన్నీ లెక్కపెట్టడం విసుగ్గా ఉంటుంది కానీ, పది పంక్తులు అలా చేశాక కన్నే కొలవడం మొదలెడుతుంది.

మోహనంలో, ఆది తాళంలో, సాధన కోసం అల్లిన ఈ ఒక్క పంక్తి చూడండి:

గా , ప గ రి సా | రీ గ ప | గా ; ||

లఘువులో 2, 1, 1, 1, 1, 2 కలిపి 8. మొదటి ద్రుతం 4, రెండోది 4. మొత్తం 16, అంటే క్రియకి రెండు. ఇప్పుడు చెయ్యి వేయండి. దెబ్బకి గా. చిటికెన వేలికి కొత్త స్వరం ఏమీ లేదు, గొంతు ఇంకా గాంధారం మీదే ఉంటుంది. ప వచ్చేది ఆ వేలి రెండో సగంలో. ఉంగరం వేలికి గ రి. మధ్య వేలికి సా. రెండో దెబ్బకి రీ, విసురుకి గ ప, మూడో దెబ్బకి గా, చివరి విసురంతా ఆ గా సాగడమే.

కొత్తవాళ్ళు దాదాపు అందరూ ఆ ప ని చిటికెన వేలి మీదే వేసేస్తారు. వేలు పడింది కాబట్టి స్వరం పడాలని చెయ్యి తొందరపెడుతుంది. అక్కడ పోయింది అర క్రియే. దాని ఫలితంగా రెండో దెబ్బకి రావాల్సిన రీ మధ్య వేలి సగంలోనే వచ్చేస్తుంది, మిగతా పంక్తి అంతా అర క్రియ ముందు నడుస్తుంది. చివర్న మిగిలిన ఖాళీని గా ని సాగదీసి పూడ్చేస్తారు కాబట్టి పాడేవాళ్ళకి తప్పు జరిగినట్టే తెలియదు! దీనికి వ్యతిరేకమైన తప్పు ఇంకొకటుంది. కామా కనబడగానే గొంతుతో పాటు చెయ్యి కూడా ఆగిపోవడం. చెయ్యి గడియారం లాంటిది, నొటేషన్‌లో ఏమున్నా దాని నడక మారకూడదు. పైగీత ఉన్న చోట స్వరాలు గుంపుగా వస్తాయి కదా అని చెయ్యి నెమ్మదించడం కూడా ఇలాంటిదే.

దీన్ని సరిచేయడానికి మొదట శ్రుతి పెట్టె ఆపేయండి. మెట్రోనోమ్‌ని (లయ కొట్టే యంత్రాన్ని) 60 మీద పెట్టండి, క్రియకి ఒక సెకను. రాగం లేకుండా, ఒకే గొంతులో, మాటలు చదివినట్టు ‘గా-ఆ-ప-గ-రి-సా’ అని చదవండి. కామా వచ్చినచోట ఆ అచ్చుని వినిపించేలా పలకండి. ఒక పంక్తి మూడుసార్లు తప్పు లేకుండా వచ్చాకే శ్రుతి పెట్టండి. సాహిత్యం (పాట మాటలు) ఆ తర్వాత. సాహిత్యాన్ని ముందే చూస్తే కన్ను కింది పంక్తికి అతుక్కుపోతుంది. పాట తెలిసినదైతే మరీ ప్రమాదం, చదవడం మానేసి జ్ఞాపకంతో పాడేస్తాం. పుస్తకం మీద గీతలు పెట్టడం ఇష్టం లేకపోతే జెరాక్స్ తీసుకుని, ప్రతి క్రియ మొదలయ్యే చోట పెన్సిల్‌తో చిన్న టిక్కు పెట్టుకోండి.

కొన్ని కీర్తనల్లో పల్లవి ‘; ;’ లాంటి వాటితోనే మొదలవుతుంది. ముందు స్వరమే లేనప్పుడు దేన్ని పట్టుకోవాలి? దేన్నీ కాదు. అది ఎడుపు. తాళం మొదలయ్యాక అంతసేపు ఆగి పాట ఎత్తుకోవాలి. క్రియకి నాలుగు అక్షరాలున్న నొటేషన్‌లో ఒక సెమికోలన్ అంటే అర క్రియ, మూడు ఉంటే ఒకటిన్నర.

స్థాయికి చుక్కలు గుర్తు. అక్షరం మీద చుక్క ఉంటే తారస్థాయి (పైది), కింద ఉంటే మంద్రం (కిందిది), ఏమీ లేకపోతే మధ్యస్థాయి. అచ్చు పుస్తకంలో ఇది తేలికే. ఫోన్లలో తిరిగే నొటేషన్లలో చుక్కలు చాలాసార్లు రాలిపోతాయి. అప్పుడు పక్క స్వరాలే ఆధారం. ‘గ ప ద స’ లో స తారస్థాయి. ‘గ రి స ద’ లో స మధ్యస్థాయి, ఆ ద మంద్రం. దగ్గరి స్వరానికి వెళ్ళడమే ఎక్కువ, అయినా దాటు ప్రయోగాలూ (మధ్య స్వరాలు వదిలి దూకడం) ఉంటాయి కాబట్టి అనుమానం వస్తే రికార్డింగు వినాల్సిందే. ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసిన నొటేషన్‌తో ఇంకో చిక్కు. పెద్దక్షరం కొందరికి తారస్థాయి, కొందరికి దీర్ఘం. అక్కడా కూడికే తేలుస్తుంది. పెద్దక్షరాన్ని రెండుగా లెక్కేస్తే ఆవర్తనం సరిపోయిందా, అది దీర్ఘమే. ధైవతాన్ని కొన్ని పుస్తకాలు ద అని, కొన్ని ధ అని వేస్తాయి. దాంట్లో తేడా ఏమీ లేదు.

ఇంత సరిగ్గా చదివినా కాగితం మీద లేనిది ఒకటుంది, గమకం, అంటే స్వరాన్ని ఊపే, జార్చే తీరు. తోడిలో గాంధారాన్ని హార్మోనియం మెట్టు మీద నిలబెట్టినట్టు నిలిపితే అది తోడి అనిపించదు. ఆ స్వరం రిషభ మధ్యమాల మధ్య ఊగుతుంది, అచ్చులో మాత్రం ‘గ’ అనే ఉంటుంది. ఈ లోటు తీర్చడానికి సుబ్బరామ దీక్షితులు చాలా శ్రమపడ్డారు. 1904లో ఎట్టయపురంలో అచ్చయిన ఆయన గ్రంథం ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ తమిళనాడులో వెలువడినా తెలుగు లిపిలోనే ఉంది. కంపితానికి, జారుకి, ఇంకా ఎన్నో గమకాలకి ఆయన విడివిడిగా గుర్తులు పెట్టారు. తెలుగు చదవగలిగిన వాళ్ళకి అది నిజంగా పెన్నిధి. అయితే దాంతో మొదలుపెట్టకండి. ఇప్పటి మామూలు పుస్తకాల్లో ఆ గుర్తులు సాధారణంగా ఉండవు కాబట్టి గమకం గురువు దగ్గరో, వినికిడి మీదో రావాలి.

మొదలుపెట్టాల్సింది అలంకారాలతో, అంటే ఏడు తాళాల్లో ఉండే స్వరసాధన వరసలతో. ఏడు తాళాలు ఏడు రకాల గీతలు చూపిస్తాయి. రూపకంలో ముందు ద్రుతం, తర్వాత లఘువు, అందుకే ఒంటి గీత రెండు అక్షరాలకే వచ్చేస్తుంది. ఆది తాళానికి అలవాటైన కన్ను అక్కడ తడబడుతుంది. ఝంపెలో ఏడు, ఒకటి, రెండు. అటతాళంలో ఐదు, ఐదు, రెండు, రెండు. తర్వాత గీతాలకి (తొలి చిన్న పాటలకి) వెళ్ళండి. మలహరి రాగం గీతాల్లో చాలాచోట్ల స్వరానికి ఒక సాహిత్యాక్షరం చొప్పున కింద ఉంటుంది కాబట్టి చదవడం సులువు. మీరు ఎప్పుడూ వినని గీతం ఒకటి ఎంచుకుని, పూర్తిగా పుస్తకం చూసే పాడి ఫోన్‌లో రికార్డు చేయండి. ఆ తర్వాతే విద్వాంసులు పాడింది వినండి. తేడా వచ్చిన చోట పెన్సిల్‌తో సున్నా చుట్టి, ఆ ఆవర్తనాన్ని మళ్ళీ లెక్కపెట్టండి. చాలాసార్లు అక్కడ మీరు దాటేసిన కామా ఒకటి దొరుకుతుంది.