డోర్ట్‌మండ్‌లో నా ప్లేయర్ పాస్

జర్మనీలో పార్కులో సాయంత్రాలు ఎవరితోనైనా బంతి ఆడుకోవచ్చు, ఎవరూ ఏమీ అడగరు. అదే, ఆదివారం మధ్యాహ్నం జెర్సీ తొడుక్కుని, పాయింట్ల పట్టికలో లెక్కకొచ్చే మ్యాచ్ ఆడాలంటే మాత్రం స్పీలర్‌పాస్ ఉండాలి. అంటే ప్లేయర్ పాస్. నేను దానికి దరఖాస్తు పెట్టిన వేసవిలోనే మా క్లబ్‌లో ఇంకో మిడ్‌ఫీల్డర్ కూడా పెట్టాడు. అతను పదేళ్లకు పైగా మూడో, నాలుగో డివిజన్లలో జీతం తీసుకుని ఆడినవాడు. నేను హైదరాబాద్‌లో ఒక చిన్న క్లబ్‌కి లీగ్ ఆడి, ఎమ్మెస్ కోసం వచ్చి, ఇక్కడే సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో కుదురుకున్నవాణ్ని. ఇద్దరం నింపింది దాదాపు ఒకే ఫారం.

మా క్లబ్ ఏ మెట్టు మీద ఉందో ముందే చెప్పేస్తాను. పైన 1963లో మొదలైన బుందెస్‌లీగా. దాని కింద 1974లో వచ్చిన రెండో బుందెస్‌లీగా, 2008లో పెట్టిన మూడో లీగా. దేశమంతా కలిసి ఆడేవి ఈ మూడే. నాలుగో మెట్టు రీజియొనాల్‌లీగా, అది ఐదు ప్రాంతాలుగా విడిపోయి ఉంటుంది. ఆ తర్వాత ఓబర్‌లీగా. మా వెస్ట్‌ఫాలియాలో ఇంకా మూడు లీగులు దిగితే, తొమ్మిదో మెట్టు మీద క్రైస్‌లీగా ఏ వస్తుంది. మేమక్కడ.

పాసుల పని చూసేది ఒక రిటైర్డ్ పెద్దాయన. జీతం లేదు, క్లబ్ మీద ప్రేమతో చేస్తారు. ఇక్కడ క్లబ్‌లో డెబ్బై దాటినవారిని కూడా పేరుపెట్టి, ఏకవచనంలోనే పిలవాలి. నాకది అలవాటు కావడానికి పాస్ రావడం కన్నా ఎక్కువ కాలం పట్టింది.

ఫారంలో పేరు, పుట్టిన తేదీ, పౌరసత్వం అన్నీ మామూలే. చిక్కంతా ఒక్క ప్రశ్న దగ్గర: ఇంతకుముందు వేరే దేశంలో ఏదైనా క్లబ్‌లో రిజిస్టర్ అయ్యావా? లేదని రాస్తే పని త్వరగా అయిపోతుందని జట్టులో ఒకరిద్దరు సలహా ఇచ్చారు. పెద్దాయన ఒప్పుకోలేదు. అర్హత లేని ఆటగాణ్ని దింపారని తర్వాత తేలితే గెలిచిన పాయింట్లు కూడా పోతాయి. ఆయన భయం నా గురించి కాదు, పట్టిక గురించి. అదీ న్యాయమే.

అవునని రాశాను. ఇక కాగితం ప్రయాణం మొదలైంది. ఫారం, పాస్‌పోర్ట్ నకలు, ఇక్కడ చిరునామా నమోదైనట్టు సిటీ ఆఫీసు ఇచ్చే పత్రం, ఒక ఫొటో కలిపి మొదట కామెన్ దగ్గర కైజరావ్‌లో ఉన్న వెస్ట్‌ఫాలియా సంఘానికి వెళ్లాయి. అక్కణ్నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌లోని జర్మన్ ఫుట్‌బాల్ సమాఖ్యకి. వాళ్లు ఢిల్లీలోని మన సమాఖ్యని అడగాలి. ఆటగాడు దేశం దాటితే పాత సమాఖ్య అంతర్జాతీయ బదిలీ సర్టిఫికెట్ ఇవ్వాలని ఫిఫా నియమం, దానికి రుసుం వసూలు చేయకూడదని కూడా. 2021లో బార్సిలోనా నుంచి పారిస్ వెళ్లిన మెస్సీకీ కావలసి వచ్చింది ఆ సర్టిఫికెట్టే. ఇది తెలిశాక ఎదురుచూడటం కొంచెం గర్వంగానే అనిపించింది.

'హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ ఉందా? మీది క్రికెట్ కదా' అని పెద్దాయన ఒకరోజు కాఫీ కలుపుతూ అడిగారు. సయ్యద్ అబ్దుల్ రహీం గురించి చెప్పాను. మా ఊరి కోచ్ అని, ఆయన శిక్షణలోనే భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిందని, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిందని. ఆయన తల ఊపి ఊరుకున్నారు. తర్వాతి వారం నేను రాగానే, మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాని 4-2తో ఓడించిన మ్యాచ్‌లో నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడట కదా అని ఆయనే నాకు చెప్పారు!

ఈలోగా మంగళ, గురువారాల్లో ప్రాక్టీస్‌కి వెళ్తూనే ఉన్నాను. అక్కడే ఆ రెండో మిడ్‌ఫీల్డర్‌తో స్నేహం కుదిరింది. అతను ఆరు, అంటే డిఫెన్స్ ముందు నిలబడేవాడు. నేను ఎనిమిది, అంటే అతని ముందు మధ్యలో అటూ ఇటూ పరుగెత్తేవాణ్ని. పరుగు పందేల్లో నేనే ముందుండేవాణ్ని, బంతి దగ్గరకి మాత్రం అతనే ముందు చేరేవాడు.

టీవీలో కనిపించే ఆటగాళ్ల కింద ఎంత మంది ఎలా బతుకుతారో అతను చెప్తేగానీ నాకు తెలియలేదు. అతని కాంట్రాక్టులన్నీ ఒక ఏడాదివో రెండేళ్లవో, అన్నీ జూన్ 30నే ముగిసేవి. కాంట్రాక్టు ముగియడానికి మూడు నెలల ముందే ఉపాధి కార్యాలయంలో పేరు నమోదు చేసుకోవాలని ఇక్కడి చట్టం. అంటే మార్చి నెలాఖరులోగా. సీజన్ ఇంకా ముగిసి ఉండదు. జట్టు కిందికి పడిపోకుండా పోరాడుతూ ఉంటుంది. పొద్దున్న ప్రాక్టీస్, మధ్యాహ్నం నిరుద్యోగిగా దరఖాస్తు. ఆలస్యమైతే ఒక వారం భృతి ఆపేస్తారు. ఆ భృతి కూడా చేతికొచ్చే జీతంలో అరవై శాతం, పిల్లలుంటే అరవై ఏడు. అతను ఇదంతా మా వాళ్లు పండక్కి బస్ టికెట్ బుక్ చేసుకున్నంత మామూలుగా చెప్పాడు.

ఒక వేసవిలో ఏ క్లబ్ పిలవకపోతే డ్యూయిస్‌బుర్గ్‌లో ఆటగాళ్ల యూనియన్ వీడీవీ పెట్టే శిబిరానికి వెళ్లాడట. కాంట్రాక్టు లేని ప్రొఫెషనల్స్ అక్కడ కలిసి ప్రాక్టీస్ చేస్తారు, క్లబ్బులతో ఫ్రెండ్లీ మ్యాచ్‌లు ఆడతారు. పక్కవాడితో కలిసి ఆడాలి, పక్కవాడికన్నా బాగా కనిపించాలి. అలా ఒక రీజియొనాల్‌లీగా క్లబ్ దొరికింది. అక్కడ ఒక సీజన్ మొదటి స్థానంలో నిలిచారు కూడా. కానీ ఐదు ప్రాంతాల విజేతలకి పైన ఉన్నవి నాలుగే చోట్లు. కాబట్టి ఇద్దరు విజేతలు మళ్లీ తమలో తాము ఆడాలి. వీళ్లు ఓడారు. మూడో లీగాకి వెళ్తేనే అమల్లోకి వచ్చే అతని కొత్త కాంట్రాక్టు దాంతో చెల్లకుండా పోయింది. ఏడాదంతా గెలిచినవాణ్ని రెండు మ్యాచ్‌లతో కిందే ఉంచే ఈ పద్ధతి నాకు ఇప్పటికీ మింగుడు పడదు. అతనికి మాత్రం దాని మీద కోపం లేదు, కనీసం పైకి చెప్పడు.

మోకాలి లిగమెంట్ తెగినప్పుడు చికిత్స, రిహాబ్ ఖర్చు వృత్తి ప్రమాద బీమా భరించిందట, జీతగాడికి మైదానమే పని చోటు కాబట్టి. ఇప్పుడు అదే మోకాలు మళ్లీ పోతే నాలాగే మామూలు హెల్త్ ఇన్సూరెన్స్ కార్డు చూపించాలి. ఫిజియోథెరపీలో మూడేళ్ల వృత్తి శిక్షణకి చేరాడు. క్లాసులో అందరూ తనకన్నా పదేళ్లకు పైగా చిన్నవాళ్లేనట.

అతని ఫారంలో ఒక ప్రత్యేకమైన గడి ఉంది. ప్రొఫెషనల్ మళ్లీ అమెచ్యూర్ కావాలంటే చివరి ప్రొఫెషనల్ మ్యాచ్ తర్వాత కనీసం 30 రోజులు గడవాలి. అతని చివరి మ్యాచ్ మే నెలలో అయిపోయింది, ఆ 30 రోజులు సెలవుల్లోనే కరిగిపోయాయి. దాంతో అన్నేళ్లు జీతానికి ఆడినవాడి పాస్ చకచకా వచ్చేసింది, జన్మలో ఆటకి రూపాయి తీసుకోని నా పాస్ ఖండాలు దాటుతూ కూర్చుంది. సీజన్ మొదటి మ్యాచ్‌లు నేను గ్రిల్ దగ్గర సాసేజ్‌లు తిప్పుతూ చూశాను.

పాస్ వచ్చిందంటే చేతికి కార్డేమీ ఇవ్వరు. సమాఖ్య ఆన్‌లైన్ వ్యవస్థలో ఫొటో, పేరు, ఫలానా తేదీ నుంచి అర్హుడు అన్న వరుస కనిపిస్తుంది, అంతే. పెద్దాయన స్క్రీన్‌షాట్ తీసి జట్టు గ్రూపులో పెట్టారు. వెంటనే నా వాటాగా ఒక కేసు బీరు రాశారు. ఇక్కడ అన్నిటికీ శిక్షా అదే, బహుమతీ అదే.

ఆ ఆదివారం రెండో సగంలో దింపారు. లైన్స్‌మెన్ లేరు, ఒక్కడే రిఫరీ, ఆఫ్‌సైడ్‌లన్నీ ఆయన దయ. నా వెనక ఆరో నంబరువాడు ఎక్కువ పరుగెత్తడు, అరుస్తాడు. వెనక మనిషి ఉంటే 'హింటర్‌మన్', తీరిక ఉంటే 'ట్సైట్'. ఆ రెండు కేకలు వింటూ ఆడితే తల తిప్పి చూసుకోవాల్సిన అవసరమే రాలేదు. అయినా ఓడాం.

క్రైస్‌లీగా అయినా సరే, జట్ల వివరాలు ఫుట్‌బాల్ డాట్ డీఈలో వచ్చేస్తాయి. లింక్ నాన్నకి పంపాను. 'అందరూ నిన్ను ఇంటిపేరుతో పిలుస్తున్నారేంట్రా' అన్నారు, సంతోషం దాచుకోకుండా.

మా కాలేజీ జూనియర్ ఒకడు మాగ్డెబుర్గ్‌లో చదువుకి వచ్చాడు, లెఫ్ట్ వింగ్ ఆడతాడు. జనవరి 31కి శీతాకాలపు బదిలీ గడువు ముగుస్తుంది కాబట్టి నవంబర్‌లోనే క్లబ్ వెతుక్కోమన్నాను. ఇండియాలో ఆడిన క్లబ్ పేరు, ఏ సంఘం కింద ఆడాడో, చివరి మ్యాచ్ ఎప్పుడో ఇప్పుడే కనుక్కుని రాసి పెట్టుకోమన్నాను. పాస్‌పోర్ట్‌లో పేరు ఎలా ఉందో ఫారంలో అక్షరం తేడా లేకుండా అలాగే రాయమన్నాను. బీరు కేసు సంగతి మాత్రం చెప్పలేదు.