అద్దె పెంపు నోటీసు వచ్చిందా? ముందు బిల్డింగ్ వయసు చూడండి

వాషింగ్టన్ రాష్ట్రంలో 2025 మే 7న గవర్నర్ బాబ్ ఫెర్గూసన్ సంతకం పెట్టిన హెచ్‌బీ 1217 చట్టం ఆ రోజు నుంచే అమల్లో ఉంది. 12 నెలల్లో అద్దె ఎంత పెంచొచ్చు? 7 శాతానికి ద్రవ్యోల్బణం కలిపితే ఎంతొస్తే అంత, కానీ 10 శాతం దాటకూడదు. లెక్క మనం కట్టక్కర్లేదు, కామర్స్ శాఖ ఏటా ప్రకటిస్తుంది. 2026కి 9.683 శాతం. నెలకు 2,400 డాలర్లు కడుతుంటే గరిష్ఠంగా 232 డాలర్ల 39 సెంట్లు పెరుగుతుంది. చేరిన మొదటి 12 నెలల్లో అసలు పెంచకూడదు.

ఇక్కడే ఒక మెలిక. వాడకానికి మొదటి అనుమతి వచ్చి 12 ఏళ్లు దాటని బిల్డింగులకి ఈ పరిమితి లేదు. సియాటిల్ పక్కనున్న రెడ్మండ్, బోథెల్ వైపు మనవాళ్లు చేరే తళతళలాడే కొత్త అపార్ట్‌మెంట్లు చాలావరకు ఇందులోకే వస్తాయి. కింగ్ కౌంటీ అసెసర్ (ఆస్తుల విలువ లెక్కగట్టే ఆఫీసు) సైట్‌లో అడ్రస్ కొడితే కట్టిన సంవత్సరం కనిపిస్తుంది. మినహాయింపు వాడుకునే ఓనర్ దానికి ఆధారమేమిటో నోటీసులోనే రాయాలి. రాయకుండా 14 శాతం వేస్తే అడగండి.

నోటీసు 90 రోజుల ముందు రావాలి. లీజు మధ్యలో పెంపు కుదరదు. సియాటిల్ నగరంలో అయితే నోటీసు 180 రోజుల ముందు. రెడ్మండ్‌లో 3 శాతం దాటితే 120, 10 శాతం దాటితే 180. నెలనెలా పద్ధతికి, ఏడాది లీజుకి అద్దెలో తేడా 5 శాతం మించకూడదు. ఇది చాలామంది గమనించరు.

ఖాళీ చేసి వెళ్లాక వచ్చేవాళ్లకి ఎంతైనా చెప్పొచ్చు. పరిమితి ఇప్పుడు అద్దెకుంటున్న మనిషికే, గదులకి కాదు. కాబట్టి పాత బిల్డింగులో కుదురుకున్నవాళ్లు తొందరపడి మారకపోవడమే నయం.

మొబైల్ హోమ్ పార్కుల సంగతి వేరు. అక్కడ ఇల్లు సొంతం, కింద నేల అద్దె. పేరుకే మొబైల్: కదిలించాలంటే వేల డాలర్లు, పాత ఇళ్లు కొన్ని దారిలోనే విరుగుతాయి, పైగా వేరే పార్కులో చోటు దొరకాలి. అద్దె నచ్చకపోతే ట్రక్కులో సామాను వేసుకుని వెళ్లిపోయే వీలు లేనివాళ్లు వీళ్లు. అందుకే వీళ్లకి ఏడాదికి 5 శాతమే. వెయ్యి డాలర్ల స్థలం అద్దె 1,050 దాటకూడదు. అపార్ట్‌మెంట్ల పరిమితి 2040 జూలై 1తో ముగుస్తుంది, పార్కులది అలా ముగియదు.

ఎక్కువ వేశారని తేలితే ముందు ఓనర్‌కి రాతపూర్వకంగా తగ్గించమని అడగాలి. ఫోన్‌లో మాట్లాడితే లెక్కలోకి రాదు. వినకపోతే కోర్టు ద్వారా అదనంగా కట్టింది వెనక్కి వస్తుంది, పైగా మూడు నెలల అద్దె వరకు నష్టపరిహారం, లాయరు ఖర్చు కూడా ఇప్పించొచ్చు. నోటీసు, పాత లీజు, కట్టిన రసీదులు ఒకే ఫోల్డర్‌లో ఉంచుకోండి.