రెండో తరగతి తీసివేతలు: నా అనుభవం

మా వాడి రెండో తరగతి నిన్నటితో అయిపోయింది. బడి మీద నా కోపం ఇంకా చల్లారలేదు. చల్లారాక రాస్తే మర్యాదగా రాస్తానేమోనని ఇప్పుడే కూర్చున్నాను.

సైన్సుతో ఏ గొడవా లేదు. రెండు కుండీల్లో గింజలు నాటించారు, ఒకదానికే నీళ్లు పోయించారు, రోజూ బొమ్మ గీయించారు. అంతే.

తెలుగు కూడా సాఫీగానే సాగింది. వీళ్లు అ, ఆ దగ్గర మొదలుపెట్టలేదు. తల, వల, అల లాంటి చిన్న మాటలు బొమ్మలతో చూపించి, అందులోంచి త, వ, ల విడదీసి, మళ్లీ వాటితోనే కొత్త మాటలు కట్టించారు. గుణింతాలు ఒక్కసారిగా మీద పడేయకుండా ముందు దీర్ఘం, తర్వాత గుడి, అలా ఒక్కో గుర్తు. వత్తుల్లోనూ ముందు అమ్మ, అక్క లాంటి ద్విత్వాలు, తర్వాతే సంయుక్తాలు. "గుణింతం రాగం తీసి చదవకపోతే ఇదేం చదువు" అని మా అమ్మ గొణిగింది కానీ, మనవడు కథ చదివి వినిపించేసరికి ఊరుకుంది. నాకు బాగా నచ్చింది ఇంకొకటుంది. చదవడం అయ్యాక పుస్తకం మూయించి, "ఏమైంది? ఎందుకలా చేశాడు?" అని అడుగుతారు. గడగడా చదివి ఏమీ చెప్పలేని పిల్లలు ఉంటారు. వాళ్లు అక్కడ దొరికిపోతారు.

ఇంగ్లిష్‌లో ఏ బీ సీ డీల వరస పక్కన పెట్టి ఎస్, ఏ, టీ, పీ, ఐ, ఎన్ అనే ఆరు అక్షరాల శబ్దాలతో మొదలుపెట్టారు. ఆ ఆరింటితోనే ట్యాప్, పిన్, సిట్ లాంటి మాటలు బోలెడు వస్తాయి కాబట్టి పిల్లవాడు మొదటి నెలల్లోనే చదవగలుగుతాడు. తెలివైన పని.

లెక్కల దగ్గరే మా ఇంట్లో టెన్షన్ మొదలైంది.

నా ఉద్యోగమే అంకెలతో. ఏళ్ల తరబడి లెడ్జర్లు చూస్తున్నాను. నిలువు వరసలో పది అంకెలుంటే కాలిక్యులేటర్ ముట్టుకోకుండా కూడతాను, ఆఫీసులో అందరికీ తెలుసు. అలాంటి నాకు ఒకరోజు కొడుకు నోట్‌బుక్‌లో ఎర్ర సిరాతో చీటీ వచ్చింది: "దయచేసి ఇంట్లో వేరే పద్ధతి నేర్పకండి." విషయం ఏమిటంటే, 52లోంచి 27 తీసేయమంటే వాడు 35 వేశాడు. ఏడులోంచి రెండు పోతే ఐదు, ఐదులోంచి రెండు పోతే మూడు. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేశాడన్నమాట, ఏది పైనుందో చూడకుండా. ఆ తప్పు నేను నేర్పింది కాదు. ప్రపంచంలో సగం మంది పిల్లలు చేసేదే. నేను నేర్పింది పక్క అంకె దగ్గర అప్పు తెచ్చుకోవడం, మా అందరికీ బళ్లో నేర్పిందే.

సరే, అసలు మీ పద్ధతేమిటో ఒక కాగితం మీద రాసివ్వండి అని ఆఫీసు గదిలో అడిగాను. "అవన్నీ టీచర్లు చూసుకుంటారు సార్." టీచర్‌ని అడిగితే, "తల్లిదండ్రులకు ఒక క్లాసు పెడుతున్నాం, రండి." ఫీజు ఒక్కరోజు ఆలస్యమైతే మెసేజ్ మీద మెసేజ్ పంపే ఆఫీసుకి ఒక కాగితం ఇవ్వడానికి చేతులు రావు.

వెళ్లాను. మోకాళ్లు గడ్డానికి తగిలే చిన్న కుర్చీల్లో మమ్మల్ని కూర్చోబెట్టారు. టీచర్ బోర్డు మీద అ నుంచి ఔ దాకా రాసింది. "ఇవాళ మనకు అంకెల్లేవు. అ అంటే ఒకటి, ఆ అంటే రెండు, అలా వరసగా. ఇప్పుడు సార్ చెప్తారు, ఊ కి ఉ కలిపితే ఎంత?" ఆ సార్ నేనే.

నేను మనసులో గబగబా ఆరు, ఐదు అనుకోబోతుంటే, "అంకెల్లోకి మార్చకూడదండీ" అంది. అప్పుడిక గతి లేక ఊ తర్వాత ఋ, ఎ, ఏ, ఐ... అంటూ బల్ల కింద వేళ్లు ముడుచుకున్నాను. మధ్యలో ఎన్ని వేళ్లు ముడిచానో మర్చిపోయాను. మళ్లీ మొదలుపెట్టాను. పక్కన ఒకావిడ కిసుక్కున నవ్వింది. "ఒ" అన్నాను చివరికి. "కరెక్టే సార్, కానీ మీ అబ్బాయి ఇంత సేపు తీసుకుంటే మీరు ఊరుకుంటారా?" అంది టీచర్, ఇరవై మంది ముందు. తర్వాత ఓ లోంచి ఎ తీసేయమంది ఇంకొకాయన్ని. ఆయన వెనక్కి లెక్కపెట్టలేక చేతులెత్తేశాడు. జవాబు ఈ. ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

అక్కడితో ఆగినా బాగుండేది. పుల్లల కట్టలు తెచ్చి, 52 - 27 నన్నే చెయ్యమంది. బోర్డు మీద ఐదు కొట్టేసి నాలుగు వేశాను, రెండు పక్కన ఒకటి పెట్టాను. "ఎందుకు సార్?" "అప్పు తెచ్చాను." "ఎంత తెచ్చారు?" "ఒకటి." "రెండుకి ఒకటి కలిస్తే మూడు కదా, మీ దగ్గర పన్నెండు ఎలా వచ్చింది?" "పది తెచ్చాను." "ఇందాక ఒకటన్నారు." గదంతా నవ్వు. లెడ్జర్లు, ఆడిట్లు ఏవీ నన్ను కాపాడలేదు.

తర్వాత ఆమె చేసి చూపించింది ఇది. పదేసి పుల్లల కట్టలు ఐదు, విడి పుల్లలు రెండు. ఏడు పుల్లలు ఇవ్వాలి, లేవు. ఒక కట్ట దారం విప్పింది. నాలుగు కట్టలు, పన్నెండు పుల్లలు అయ్యాయి. ఇంకా మొత్తం 52 పుల్లలే, ఎక్కడా ఏదీ మారలేదు. ఏడు తీసేసి, రెండు కట్టలు పక్కన పెడితే మిగిలింది 25. పిల్లలు కొన్నాళ్లు ఇలా పుల్లలతో చేస్తారు, తర్వాత కట్టలు, చుక్కలు బొమ్మగా గీస్తారు, ఆ తర్వాతే ఉత్త అంకెలతో. సంఖ్యారేఖ మీద గెంతడం కూడా ఉంది: 27 నుంచి 30కి మూడు, 50కి ఇరవై, 52కి రెండు, మొత్తం 25. మా వాడికి ఇదే ఇష్టం. నిజానికి చిల్లర లెక్క చూసుకునేటప్పుడు మనమంతా చేసేదీ ఇదే.

ఇంటికొచ్చి, ఆవిడకి ఎదురు చెప్పడానికి ఏదైనా దొరుకుతుందని తెగ చదివాను. దొరకలేదు. చేత్తో చెయ్యడం, బొమ్మ, గుర్తు అనే ఈ మూడు మెట్లు జెరోమ్ బ్రూనర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1960లలో చెప్పినవి. సింగపూర్ 1980లలో తన ప్రాథమిక గణితాన్ని వాటి మీదే కట్టుకుంది. కాబట్టి పద్ధతితో నాకు పేచీ లేదు. పెద్దవాళ్లని పదిమందిలో నవ్వులపాలు చేస్తే గానీ అర్థం కాదనుకునే తీరుతోనే పేచీ. పిల్లవాడు తప్పు చేస్తే అందరి ముందు ఎత్తి చూపకూడదని ఆ గోడ మీదే చార్టు అంటించి ఉంది. తండ్రికి ఆ నియమం వర్తించదు కాబోలు. చదువు చెప్పేవాళ్లకి మర్యాద కూడా చెప్పేవాళ్లెవరైనా ఉంటే బాగుండు.

ఎక్కాల విషయంలో మాత్రం నేను తగ్గలేదు. అక్కడ 7 × 8 అంటే ఏడు వరసల చుక్కలు, అందులో ఐదు వరసలు 40, రెండు వరసలు 16, కలిపితే 56 అని కట్టిస్తారు. బాగుంది, అర్థమవుతుంది. కానీ రేపు పెద్ద భాగహారం మధ్యలో ప్రతిసారీ ఆగి చుక్కలు తలుచుకుంటూ కూర్చుంటే, అసలు ఎక్కడున్నాడో మర్చిపోతాడు. అందుకని రోజూ స్నానాల వేళ రెండు, ఐదు, పది ఎక్కాలు ముందు, తర్వాత మిగతావి, నోటికి పట్టించాను. చెప్పొద్దంటే చెప్పాను. మొన్న అదే టీచర్ "మీ వాడు ఎక్కాల్లో క్లాసులో ఫస్ట్ సార్" అంది. ఎలా వచ్చాయో ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు.

మీరు బడిలో చేర్చేటప్పుడు తరగతి గదుల రంగులు, ఆటబొమ్మలు చూడకండి. తీసివేత ఎలా చెప్తారో చేసి చూపించమనండి. చూపించలేని బడిలో చేర్చకండి. ఏడాది మొదట్లోనే ఒక పీరియడ్ వెనక కూర్చుని వింటామని అడగండి. ఒప్పుకోకపోతే పిల్లవాడినే మీకు టీచర్‌గా పెట్టుకోండి, పుల్లలు ఇచ్చి "నాకు చెప్పరా" అంటే చాలు. వాడు ఎక్కడ తడబడితే అక్కడే పాఠం అంటలేదని తెలుస్తుంది. తల్లిదండ్రుల క్లాసుకి వెళ్తే వెనక వరసలో, పొడుగాటి మనిషి చాటున కూర్చోండి.

మూడో తరగతిలో భాగహారాలు మొదలవుతాయి. అవి ఎలా చెప్తారో ముందే రాతపూర్వకంగా ఇవ్వాలని నిన్న మార్కుల కార్డు తీసుకునేటప్పుడు అర్జీ పెట్టాను. ఆఫీసు గదిలో ఆయన దాన్ని తిరగేసి చూసి, "తల్లిదండ్రుల క్లాసు ఉంటుంది కదా సార్" అన్నాడు.