తక్కువ రేటుకు క్లెయిములు చూసిపెడతామంటే

అమెరికాలో ప్రధానంగా వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా అయిన మెడికేర్ 1965లో చట్టమైనప్పుడు, బిల్లులు పరిశీలించి చెల్లించే పనిని ప్రభుత్వం బీమా సంస్థలకు అప్పగించింది. అయితే తమ బిల్లులు ఏ సంస్థ చూడాలో సూచించే హక్కును ఆసుపత్రులకే ఇచ్చింది. ఆసుపత్రుల సంఘం బ్లూ క్రాస్ అనే ఆరోగ్య బీమా సంస్థను ఎంచుకుంది. అయిన ఖర్చు చూపిస్తే ప్రభుత్వం తిరిగి ఇచ్చే ఈ కాంట్రాక్టులకు దాదాపు నలభై ఏళ్ల పాటు బహిరంగ పోటీ లేదు. డబ్బు పుచ్చుకునేవారే, లెక్క సరిచూసేవారిని ఎంచుకునే ఏర్పాటు అది. ఇల్లినాయిస్‌లో ఈ పని చేస్తున్న ఒక సంస్థ తన పనితీరు రికార్డులను తారుమారు చేసినట్టు 1998లో కోర్టులో ఒప్పుకుని, మొత్తం 14.4 కోట్ల డాలర్లు చెల్లించవలసి వచ్చింది.

2003 చట్టం ఆ పద్ధతిని తీసివేసి, ప్రాంతాలవారీగా పోటీ టెండర్లు పెట్టింది. ఇది సరైన మార్పేనని నేను గట్టిగా నమ్ముతాను. కానీ బిడ్లు పోల్చేటప్పుడు, క్లెయిముకు ఎంత ఖర్చన్న అంకె అన్నిటికంటే ముందు కంటబడుతుంది, దానితోనే నిర్ణయం ముగించాలనిపిస్తుంది. మెడికేర్ కాంట్రాక్టర్లు ఏటా చూసేవి వంద కోట్లకు పైగా క్లెయిములు. 2023 ఆర్థిక సంవత్సరంలో నిబంధనల ప్రకారం జరగని చెల్లింపులు 7.38 శాతమని, అంటే సుమారు 3,120 కోట్ల డాలర్లని ప్రభుత్వమే అంచనా వేసింది. ఇదంతా మోసం కాదు, పత్రాలు చాలకపోవడమే పెద్ద కారణం. అయినా క్లెయిముకు కొన్ని సెంట్లు మిగిలాయని సంతోషించేవారు ఈ అంకెను పక్కన పెట్టుకుని చూడాలి.

పని ఎలా చెడుతుందో ఒక్క క్లెయిములో చూడవచ్చు. డాక్టరు ఒక రోగికి బీపీ పరీక్షించి మందులు మార్చి, అదే రోజు మోకాలి కీలులోకి ఇంజెక్షన్ కూడా ఇచ్చారనుకుందాం. ఆ పరీక్ష ఇంజెక్షన్‌లో భాగం కాదని, విడిగా జరిగిందని తెలిపే 25 అనే మాడిఫయర్‌ను (బిల్లు కోడుకు చేర్చే అదనపు గుర్తును) బిల్లింగు చేసేవారు వేయకపోతే, పరీక్ష రుసుము మరో సేవలోనే కలిసి ఉందంటూ కారణం 97 కింద తిరస్కరణ వస్తుంది. దానికి క్షణం చాలు. ఆ తరువాత ఫోనెత్తి, ఇది రాతలో దొర్లిన చిన్న తప్పు కనుక అప్పీలు అక్కర్లేదు, రీఓపెనింగ్ (క్లెయిమును తిరిగి తెరిచి సరిచేయడం) అడిగితే చాలునని చెప్పే మనిషి ఉన్నారా లేరా అన్నదే కాంట్రాక్టరు పనితనానికి అసలు పరీక్ష. ఆ మనిషి లేకపోతే క్లినిక్ 120 రోజుల గడువులోగా అప్పీలు వేసి, నిర్ణయం కోసం మరో 60 రోజుల దాకా ఎదురుచూడాలి. మెడికేర్‌లో క్లెయిములు నడిచే మూల సాఫ్ట్‌వేర్ అన్ని సంస్థలకూ ఉమ్మడిదే కనుక, రేటు తగ్గించి బిడ్ గెలిచినవారు ఆ తగ్గింపును చాలావరకు మనుషుల దగ్గరే రాబట్టుకోవాలి. కోత పడేది సరిగ్గా ఆ ఫోనెత్తే కుర్చీకే.

కాంట్రాక్టరు మారడమూ తేలిక కాదు. ఓడిన సంస్థ ఫిర్యాదు చేస్తే తేలడానికి 100 రోజుల దాకా పట్టవచ్చు; పెండింగు క్లెయిములు, అప్పీళ్లు, ఫోను లైన్లు అన్నీ చేతులు మారాలి. కనీసం ఐదేళ్లకు ఒకసారి టెండరు పిలవాలన్న నియమాన్ని 2015లో పదేళ్లకు పెంచినది అందుకే కాబోలు. అయితే గడువు పెరిగిన కొద్దీ మొదటి ఎంపికలో జరిగిన పొరపాటు అంతకాలం వెంటాడుతుంది. మొదటి అప్పీలును అదే కాంట్రాక్టరు చూస్తారు, రెండవది వేరే సంస్థ చూస్తుంది. ఆ రెండవ మెట్టులో ఎన్ని తిరస్కరణలు రద్దయ్యాయన్న లెక్కను ప్రతి బిడ్డరు విషయంలోనూ బయటపెట్టి, దానికి రేటుకంటే ఎక్కువ మార్కులు కేటాయించాలి.