ఆల్టోలో ఒక మనిషి తగ్గితే

మా ఆయనకి డయాలసిస్ మొదలై రెండేళ్లు దాటింది. సోమ, బుధ, శుక్రవారాలు. పొద్దున ఆరింటికి సూదులు గుచ్చితే పదింటికి తీస్తారు. ఆ నాలుగు గంటలూ నేను పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఉంటాను. మొదట్లో అక్కడే కూర్చుని ప్రార్థన చేద్దామని చాలా ప్రయత్నించాను. "పరలోకమందున్న మా తండ్రీ" దాకా బాగానే వచ్చేది. ఆ తర్వాత మనసు పొటాషియం రిపోర్టు మీదికి పోయేది.

చూడ్డానికి వచ్చినవాళ్లు విశ్వాసం పెంచుకోమని చెప్పి, అరటిపళ్లు, కొబ్బరిబొండాలు పెట్టి వెళ్లేవాళ్లు. రెండూ ఆయన తినకూడనివే.

గుడి క్వాయర్లో, అంటే పాటల బృందంలో, నాది ఆల్టో, ఆడవాళ్లలో కింది గొంతు. అది మానేశాను. నాలుగు నెలలకి మాస్టారు ఫోన్ చేశారు. "పాడకపోయినా పర్లేదమ్మా, వచ్చి నిలబడు. ఆల్టోలో ఒక మనిషి తగ్గితే నాకు తెలుస్తది." ఓదార్పు మాటలేవీ లేవు. అందుకే వెళ్లాననుకుంటా.

మాది గుంటూరు. 1842లో మిషనరీ హయ్యర్ దొరగారు ఇక్కడికి వచ్చినప్పటి నుంచీ ఈ ఊళ్లో లూథరన్ పాట ఉంది. మా నాయనమ్మకి చదువు రాదు కానీ, కీర్తన నంబరు చెబితే పల్లవి అందుకునేది. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలంటే ప్రాణం. మా కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. వాటిని సంఘమంతా ఒకే గొంతుగా పాడుతుంది. నాలుగు గొంతులు వేరువేరు స్వరాలు కలిపి పాడే పని పండుగలప్పుడే, ఇంగ్లీషు ట్యూన్లున్న పాటలకి. అవి మాకు సోల్ఫాలో, అంటే డో రే మీ అక్షరాల్లో, రాసి ఉంటాయి. పంతొమ్మిదో శతాబ్దంలో జాన్ కర్వెన్ అనే పాస్టరు, గీతల మీద చుక్కలతో రాసే స్టాఫ్ నొటేషన్ చదవలేని మామూలు జనం కూడా పాడుకోవాలని ఇంగ్లండులో వ్యాప్తిలోకి తెచ్చిన పద్ధతి అది. మన షడ్జమం లాగే అందులో 'డో' ఏ శ్రుతిలో పెట్టుకుంటే ఆ శ్రుతే.

పై గొంతు పాడే సొప్రానోలకి పాట రాగమంతా దక్కుతుంది. ఆల్టోలకి ఒకే మెట్టు మీద నాలుగుసార్లు నిలబడి, ఐదోసారి అరమెట్టు దిగడం. ఒకరోజు డయాలసిస్ బెడ్ పక్కన ప్రాక్టీసు చేసుకుంటుంటే మా ఆయన కళ్లు తెరిచి, "పాటా అది? తలనొప్పితో మూలుగుతున్నావనుకున్నా" అన్నారు.

మొదటి రెండు శనివారాలు నిజంగానే నిలబడ్డానంతే. గొంతు రాలేదు. మూడో వారం ఒక పొడుగు స్వరం దగ్గర మాస్టారు ఆపారు. అందరూ ఒకేసారి ఊపిరి తీసుకుంటే స్వరం తెగిపోతుందని మళ్లీ చెప్పారు. పక్కనున్న అక్క పట్టుకుని ఉన్నప్పుడు నేను తీసుకోవాలి, ఆమె తీసుకునేటప్పుడు నేను పట్టుకోవాలి. పదిహేనేళ్లుగా వింటున్న మాటే. ఆ రోజు మాత్రం ఏడుపొచ్చింది. ఏడుస్తూనే నా వంతు పట్టుకున్నాను, ఎందుకంటే అక్క అప్పటికే ఊపిరి తీసేసుకుంటోంది.

ప్రార్థన ఇప్పటికీ సరిగ్గా రాదు నాకు. కానీ యేసు ప్రభువు సిలువ మీద పలికిన నాలుగో మాట, "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి" అన్న కేక, బైబిల్లోని ఇరవై రెండో కీర్తన మొదటి మాటే. బైబిలు తీసి ఆ కీర్తన పైన ఏముందో చూడండి: "ప్రధానగాయకునికి" అని ఉంటుంది. ఏ రాగం మీద పాడాలో కూడా ఉంటుంది, మా కీర్తనల పుస్తకంలో లాగే! దేవుడు చెయ్యి వదిలేశాడని ఏడ్చిన మనిషి ఆ ఏడుపుని తీసుకెళ్లి క్వాయర్ మాస్టారుకి ఇచ్చాడు. ఎన్నిసార్లు చదివానో, ఆ ఒక్క పదం మీద నా కన్ను ఎప్పుడూ ఆగలేదు.

మొన్న మంచి శుక్రవారం కూడా డయాలసిస్ రోజే. పదిన్నరకి ఇంటికి తీసుకొచ్చి పడుకోబెట్టి, తెల్లచీర కట్టుకుని పన్నెండింటికి గుడిలో ఉన్నాను. ఏడు మాటలు, ఏడు ప్రసంగాలు, మధ్యలో పాటలు. మూడింటిదాకా సాగుతుంది. ప్రసంగాలు కొంచెం తగ్గిస్తే బాగుండునని ఏటా అనుకుంటాను. నాలుగో మాట తర్వాత మేము లేచేసరికి వెనక బల్ల మీద మా ఆయన కనిపించారు. ఆటోలో వచ్చేశారట, చేతికి సూదులు తీసిన చోట వేసిన పట్టీ అలాగే ఉంది.

ఇంటికొచ్చాక కోప్పడ్డాను. ఆయన చెప్పులు విప్పుకుంటూ, "నీ మూలుగు వినపడిందిలే" అన్నారు.